ఐదో ప్రశ్న తీసేస్తే వార్త అమ్ముడుపోతుందా?
లండన్ పత్రికపై వచ్చిన ఒక నాటకం, పల్నాడుకు పడిన ఒక ముద్ర, మనకు దొరుకుతున్న కొత్త ఉద్యోగాలు

క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మునుపటిలా లేవు. ఆఫర్ లెటర్ వచ్చినా జాయినింగ్ డేట్ రాదు. ఈ ఖాళీలో నరసరావుపేట, మాచర్ల, గురజాల నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో రెజ్యూమె పంపుతున్న మనవాళ్లకు జాబ్ సైట్లలో తరచూ ఎదురయ్యే పోస్టులు కొన్నున్నాయి. న్యూస్ కంటెంట్ రైటర్, థంబ్‌నెయిల్ డిజైనర్, న్యూస్ వీడియో ఎడిటర్, సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్. ఏ బ్రాంచి అయినా పర్లేదు, తెలుగు టైపింగ్ వస్తే చాలు, ఫ్రెషర్లూ అప్లై చేయొచ్చు అని ఉంటుంది. ఇంటి పట్టునే ఉంటానంటే మండల రిపోర్టర్ పని ఉంది. దానికి ఫోన్, బండి ఉంటే సరిపోతుంది.

ఇవి మంచి ఉద్యోగాలా, కాదా? ఒక్క మాటలో తేల్చలేం. కానీ ఈ పని ఎలా పుట్టిందో, దాని లోపల మీటరు ఎలా తిరుగుతుందో కళ్లకు కట్టే నాటకం ఒకటుంది. పేరు 'ఇంక్'. రాసింది బ్రిటన్ నాటక రచయిత జేమ్స్ గ్రాహం. 2017 జూన్‌లో లండన్‌లోని అల్మీడా థియేటర్‌లో మొదలై, అదే ఏడాది వెస్ట్ ఎండ్‌కు, 2019లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్లింది. అందులో రూపర్ట్ మర్డోక్ పాత్ర వేసిన బెర్టీ కార్వెల్‌కు టోనీ అవార్డు వచ్చింది. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' తీసిన డానీ బోయిల్ ఇప్పుడు దీన్ని సినిమాగా తలకెత్తుకున్నాడు. కాబట్టి రాబోయే రోజుల్లో ఈ పేరు మీ చెవిన పడుతూనే ఉంటుంది.

ఏడాదిలో దాటాలి

కథ 1969 నాటిది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన 38 ఏళ్ల మర్డోక్ లండన్‌లో 'ది సన్' అనే పత్రికను కొంటాడు. నష్టాల్లో మునిగి, పది లక్షల లోపు కాపీలతో ఈడుస్తున్న పత్రిక. అమ్మింది ఎవరో కాదు, అప్పట్లో సుమారు 50 లక్షల కాపీలతో దేశంలోనే అగ్రస్థానంలో ఉన్న 'డైలీ మిర్రర్' యజమానులే. ఈ కుర్రాడు మనకేం పోటీ అనుకుని ఇచ్చేశారు. మర్డోక్ ఎడిటర్‌గా లారీ లాంబ్‌ను తెచ్చుకుంటాడు. యార్క్‌షైర్‌లో ఒక కమ్మరి కొడుకు, ఒకప్పుడు ఆ మిర్రర్‌లోనే సబ్ ఎడిటర్, పెద్ద చదువుల వాళ్ల మధ్య ఎన్నడూ కలవలేకపోయిన మనిషి. అతనికి పెట్టిన లక్ష్యం ఒక్కటే: ఏడాదిలో మిర్రర్‌ను దాటాలి.

నాటకం మొదట్లోనే వీళ్లిద్దరి మధ్య ఒక సంభాషణ ఉంది. జర్నలిజం క్లాసులో మొదటి రోజు చెప్పే ఐదు ప్రశ్నలు అందులో వస్తాయి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. లాంబ్ ఆలోచన ఏమిటంటే, మొదటి నాలుగూ ఉంటే చాలు. ఐదోది, అంటే 'ఎందుకు' అనేది, తెలిసిపోతే కథ అక్కడితో అయిపోతుంది. పాఠకుణ్ణి రేపు కూడా పేపర్ కొనేలా చేసే ప్రశ్న వేరే ఉంది. తర్వాతేంటి?

నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించింది ఇదే. మర్డోక్ మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ పాతబడిపోయింది. 'ఎందుకు' స్థానంలో 'తర్వాతేంటి' వచ్చి కూర్చోవడం మాత్రం పాతబడలేదు. మన ఫోన్లో రోజూ కూర్చుంటోంది.

ఇంకో సంగతి. నాటకం మొదటి సగం చాలా సరదాగా ఉంటుంది. లాంబ్ తన చిన్న టీమ్‌ను కూర్చోబెట్టి, జనానికి ఏమివ్వాలో కాదు, మీకు నిజంగా ఏది ఇష్టమో చెప్పండి అంటాడు. గెలవడం, ఉచితంగా రావడం, టీవీ, ఆటలు, కబుర్లు, శృంగారం... ఒక్కొక్కటీ బయటికొస్తుంది. పెద్దమనుషుల పత్రికలు కింది తరగతి పాఠకుడికి నీతులు చెబుతుంటే, వీళ్లు అతని పక్కన కూర్చుని మాట్లాడతామంటారు. చూస్తున్న మనమూ వాళ్ల పక్షాన చేరిపోతాం. స్టార్టప్ కథలా ఉంటుంది. చిన్న టీమ్, పెద్ద శత్రువు, నిద్ర లేని రాత్రులు. 1969 నవంబర్ 17న కొత్త సన్ మొదటి సంచిక వస్తుంది.

రెండో సగంలో బిల్లు చేతికొస్తుంది. అదే ఏడాది డిసెంబర్ 29న మర్డోక్ కంపెనీలో ఉన్నతాధికారి భార్య మ్యూరియల్ మెకే అపహరణకు గురైంది. ఇది నిజంగా జరిగిన ఘటన. దుండగులు ఆమెను మర్డోక్ భార్య అనుకున్నారు. సొంత మనిషి ఇంట్లో జరిగిన దారుణం. దాన్ని ఎంతవరకు వేయాలి? అలవాటైన సూత్రం ప్రకారం రోజూ 'తర్వాతేంటి' అని రాయాలా? పోలీసుల పని చెడుతుందేమో, ఆ కుటుంబం ఏమవుతుంది అన్న మాటలకు కాపీల లెక్క ఎదురు నిలుస్తుంది. ఆమె శవం నేటికీ దొరకలేదు. ఆ తర్వాత 1970 నవంబర్ 17న, సరిగ్గా ఏడాదికి, లక్ష్యం కోసం లాంబ్ మూడో పేజీలో యువతి అర్ధనగ్న చిత్రం వేస్తాడు. ఎవరూ అతని మెడ మీద కత్తి పెట్టలేదు. నంబర్ చేరాలి, అంతే. నిజజీవితంలో సన్ మిర్రర్‌ను దాటింది 1978లో.

ఆ దారి ఎక్కడికి పోయిందో చరిత్రలో ఉంది. 1989లో లివర్‌పూల్ అభిమానులు హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో చనిపోతే, తప్పు వాళ్లదేనంటూ అబద్ధపు ఆరోపణలకు సన్ 'నిజం' అని శీర్షిక పెట్టింది. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆ పేపర్ కొనని ఇళ్లు ఉన్నాయి. 2011లో ఫోన్ల హ్యాకింగ్ కుంభకోణంతో ఇదే యజమాని నడిపే 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' మూతపడింది. 168 ఏళ్ల పత్రిక అది.

మన ట్యాబ్లాయిడ్ వేరు

ఇక్కడ ఒక మాట సర్దుకోవాలి. తెలుగు ఇళ్లలో ట్యాబ్లాయిడ్ అంటే తిట్టు కాదు. అసలు ఆ పదమే మందుల దుకాణం నుంచి వచ్చింది. 1884లో బరోస్ వెల్కమ్ అనే మందుల కంపెనీ, గట్టిగా నొక్కి చేసిన చిన్న బిళ్లలకు పెట్టుకున్న ట్రేడ్‌మార్క్ అది. తర్వాత కుదించిన పత్రికకు వాడుకలోకి వచ్చింది. మన దగ్గర అది మెయిన్ పేపర్ మధ్యలో వచ్చే చిన్న సైజు జిల్లా పేజీలు.

1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకో ట్యాబ్లాయిడ్ ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. భారతీయ పత్రికల మీద 2000 సంవత్సరంలో పుస్తకం రాసిన ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ ఈ పద్ధతిని ప్రత్యేకంగా చెప్పుకొచ్చాడు. అంతకుముందు పేపర్లో పేరు పడాలంటే మంత్రి కావాలి, లేదా హత్య జరగాలి. జిల్లా పేజీలొచ్చాక బోరు పాడైన వీధి, టీచర్ రాని బడి, పదో తరగతిలో ఫస్టొచ్చిన అమ్మాయి కూడా వార్తయ్యారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే, ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకడంలో ఈ పేజీల పాత్ర పెద్దది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. అంటే చిన్న పేజీ, జనం భాష, వీధి కబుర్లు అన్నవి వాటంతట అవి చెడ్డవి కావు. దూబగుంట వార్తల్లో 'ఎందుకు' ఉంది. మొగుడి కూలి డబ్బులు ఎటు పోతున్నాయో, పాట ఎవరు పాడారో, లాభం ఎవరిదో ఉంది.

అదే ట్యాబ్లాయిడ్‌లో ఇంకో ఏర్పాటు కూడా పుట్టింది. ప్రతి మండలానికీ మనిషి కావాలి కాబట్టి కంట్రిబ్యూటర్ వ్యవస్థ వచ్చింది. ఉద్యోగి కాదు, జీతం ఉండదు, పడిన వార్త కొలతను బట్టి కొంత. పండక్కి, నాయకుల పుట్టినరోజుకి యాడ్లు తెస్తే కమీషన్. పొద్దున ఎవరి మీద వార్త రాయాలో సాయంత్రం వాళ్ల దగ్గరికే యాడ్ కోసం వెళ్లాలి. ఈ ముడి పడ్డాక 'ఎందుకు' అని అడగడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. లాంబ్ సర్క్యులేషన్ కోసం ఆ ప్రశ్న వదిలేశాడు. మన మండల విలేకరి బతుకు కోసం వదిలేయాల్సి వస్తుంది. అతన్ని తప్పుపట్టే ముందు అతనికి నెలకు ఎంతొస్తుందో అడగాలి.

2004లో టీవీ9 వచ్చాక 24 గంటల తెలుగు వార్తలు మొదలయ్యాయి. ఖాళీ సమయం ఎక్కువ, సంఘటనలు తక్కువ. 'తర్వాతేంటి' అనే మాట స్క్రోలింగ్‌లో స్థిరపడింది. దాని మీద ఇప్పటికే చాలా రాశారు, వదిలేద్దాం.

మీది మాచర్లా?

పల్నాడు నుంచి బయట చదువుకున్న వాళ్లకు ఈ ప్రశ్న పరిచయమే. హాస్టల్లోనో, ఇంటర్వ్యూ అయ్యాక కాఫీ దగ్గరో ఊరు పేరు చెప్పగానే అవతలివాడు నవ్వుతాడు. "అమ్మో, బాంబులేమైనా తెచ్చావా?" సరదాకే అంటాడు. మనమూ నవ్వేస్తాం. 2022లో 'మాచర్ల నియోజకవర్గం' అని సినిమా కూడా వచ్చింది. ఆ పేరు పెడితే కథేమిటో ప్రేక్షకుడికి వేరే చెప్పక్కర్లేదని నిర్మాతలకు తెలుసు. ఊరి పేరే ఒక థంబ్‌నెయిల్ అయిపోయింది.

లేనిది కల్పించారని అనడం లేదు. 2024 మే 13న పోలింగ్ రోజునా, ఆ తర్వాతా పల్నాడులో జరిగిన హింస చిన్నది కాదు. జిల్లా ఎస్పీని సస్పెండ్ చేయాలని, కలెక్టర్‌ను బదిలీ చేయాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. సిట్ వేశారు. ఇది వార్తే, పెద్ద వార్త. వేయకపోతే తప్పు. కానీ ఆ వారమంతా మనం ఫోన్లో చూసిన వీడియోలను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎవరు కొట్టారు, ఎక్కడ, ఎప్పుడు, తర్వాత ఏం జరగబోతోంది. నాలుగు ప్రశ్నలకూ గంటకో అప్‌డేట్. ఎందుకు? పల్నాడు పౌరుషం అట.

పౌరుషం అనేది జవాబు కాదు. జవాబు వెతకాలంటే కాంట్రాక్టులు, రేషన్ షాపులు, గనులు ఎవరి చేతుల్లోకి ఎప్పుడు మారతాయో చూడాలి. సాగర్ కుడి కాలువ నీళ్లు అందే ఊళ్లకూ, వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న ఊళ్లకూ తేడా చూడాలి. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో, మిర్చి కోతల్లో పని చేసే కుర్రాడికి నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో, ఖాళీ రోజుల్లో అతను ఎవరి వెంట తిరుగుతాడో చూడాలి. ఇంకొకటి. ఎన్నికల గొడవల్లో కేసు నమోదైన కుర్రాడు రేపు కానిస్టేబుల్ పోస్టుకు పరీక్ష పాసైతే పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఏమవుతుంది? నాయకుడికి లాయరుంటాడు. ఇతనికి వాయిదాలుంటాయి. ఈ కథ రాయడానికి నాలుగు రోజులు పడుతుంది, వ్యూస్ మాత్రం రాళ్లు రువ్వుకున్న వీడియోలో పదో వంతు కూడా రావు. అందుకే ఆ కథ అరుదుగా వస్తుంది.

మనకు ఇది కొత్త కూడా కాదనిపిస్తుంది. పల్నాటి యుద్ధం అనగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చేది కోడిపందెం. ఎనిమిది వందల ఏళ్ల క్రితం గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన ఆ కథలో అన్నదమ్ముల భూమి పంపకం ఉంది. అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది. మాల కన్నమదాసు సేనాని కావడం ఉంది. మంత్రిగా రాజ్యం నడిపిన నాయకురాలు నాగమ్మ ఉంది. శ్రీనాథుడు కావ్యం రాయడానికి సరిపడా సరుకు. బయటి ప్రపంచానికి మిగిలింది మాత్రం పుంజు.

కారంపూడికి వెళ్లి చూడండి, లెక్క వేరు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కోడికి దక్కేది ఐదింట ఒక్క రోజు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఊరి జనం కథను మొదటి నుంచి చివరిదాకా, కారణాలతో సహా చెప్పుకుంటారు. ఆ ఒక్క రోజును కత్తిరించి బయటికి పంపేది మనలాంటి ఫోన్ పట్టుకున్నవాళ్లం.

కొనుక్కొచ్చిన వార్త

సంచలన జర్నలిజం మీద మన దేశంలో ఇంతకన్నా పదునైన నాటకం లండన్ కంటే చాలా ముందే వచ్చింది. విజయ్ టెండూల్కర్ మరాఠీలో రాసిన 'కమల'. 1981లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ విలేకరి అశ్వినీ సరీన్, ఆడవాళ్లను అమ్ముతున్నారని నిరూపించడానికి ఒక మహిళను స్వయంగా కొని వార్త రాశారు. దాని ఆధారంగా అల్లిన కల్పిత కథ ఇది. నాటకంలో విలేకరి జైసింగ్ జాదవ్ కమలను 250 రూపాయలకు కొని ఢిల్లీలో ఇంటికి తెస్తాడు. ప్రెస్ మీట్ పెట్టి అందరి ముందూ నిలబెడతాడు. విలేకరుల అసభ్యమైన ప్రశ్నలకు హాలంతా నవ్వులు. ఆమె పని అయిపోయింది, ఆశ్రమానికి పంపేస్తాడు. కమల మాత్రం జైసింగ్ భార్య సరితను అమాయకంగా, మిమ్మల్ని ఎంతకు కొన్నాడని అడుగుతుంది.

జైసింగ్ దుర్మార్గుడు కాదు. నిజాన్ని బయటపెడుతున్నాననే నమ్ముతాడు. ఎవరు అమ్మారు, ఎక్కడ, ఎంతకు అని అన్నీ రాశాడు. కమల ఎందుకు అమ్ముడుపోయింది, రేపటి నుంచి ఎలా బతుకుతుంది అన్నది అతని పని కాదు. చివర్లో పెద్దవాళ్లకు ఇబ్బంది కలగ్గానే యజమాని అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తాడు. ఉద్యోగాలు వెతుక్కుంటున్న మనం ఈ ముగింపును ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. యజమాని కోసం రిస్క్ తీసుకున్నవాడే మొదట బయటికి పోయాడు.

మీటరు ఎలా తిరుగుతుంది

లాంబ్‌కు సర్క్యులేషన్ లెక్క రోజుల తర్వాత తెలిసేది. మీకు పది నిమిషాల్లో తెలుస్తుంది. న్యూస్ చానల్‌లో చేరితే మొదటి వారంలోనే వినబోయే మాట సీటీఆర్. మీ థంబ్‌నెయిల్ వంద సార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారు అన్న శాతం. యూట్యూబ్ తన సహాయ పేజీలో చెప్పిన ప్రకారం సగం చానళ్లకూ వీడియోలకూ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. అంటే తొంభై మంది పైనే చూసి వదిలేస్తారు. మిగిలిన ఆ కొద్దిమంది కోసమే ఎర్ర బాణాలు, నోరు తెరిచిన ముఖాలు.

నొక్కితే సరిపోదు, చూడాలి కూడా. యూట్యూబ్‌లో ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల వరకు పెట్టి పోల్చే సదుపాయం వచ్చింది. గెలిచేది ఎక్కువ నొక్కినది కాదు, ఎక్కువ సేపు చూపించినది. వినడానికి ఇది మంచి మార్పే. కానీ మన చానళ్లు దీనికీ ఒక ఉపాయం కనిపెట్టాయి. అసలు విషయాన్ని చివరి నిమిషానికి నెట్టేయడం. ఎనిమిది నిమిషాల వీడియోలో ఏడు నిమిషాలు 'తర్వాతేంటి'. నేను టెక్ బ్లాగు రాస్తాను కాబట్టి చెబుతున్నా, ఈ డ్యాష్‌బోర్డు ముందు కూర్చుంటే ఎంతటివాడికైనా చెయ్యి తిన్నగా ఉండదు. 'ఈ ఫోన్ కొనకండి' అని పెడితే గ్రాఫ్ లేస్తుంది, 'ఈ ఫోన్ ఎవరికి నప్పుతుంది' అంటే పడుకుంటుంది. గ్రాఫ్‌కు కోపతాపాలు లేవు, మనం దేన్ని కొలవమంటే దాన్ని కొలుస్తుంది.

ప్లాట్‌ఫామ్‌లకూ ఇది తలనొప్పే. 2024 డిసెంబర్‌లో యూట్యూబ్ ఒక ప్రకటన చేసింది. శీర్షికలో, థంబ్‌నెయిల్‌లో చెప్పింది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, అలాంటివి తొలగించడం ముమ్మరం చేస్తామని, దాన్ని ఇండియా నుంచే మొదలుపెడుతున్నామని చెప్పింది. మొదట మన దేశాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

చేరే ముందు

ఇక ఉద్యోగం సంగతి. చేరొద్దని నేను అనను. తెలుగులో స్పష్టంగా రాయడం, గంటలో వీడియో కట్ చేయడం, డ్యాష్‌బోర్డు చదవడం రేపు ఏ కంపెనీకైనా పనికొచ్చే నైపుణ్యాలు. కానీ ఇంటర్వ్యూలో వాళ్లు మనల్ని అడిగినట్టే మనమూ ఒకటి అడగొచ్చు. "సార్, ఆరు నెలల తర్వాత నా పని బాగుందో లేదో ఏ లెక్కతో చూస్తారు?" రోజుకు ఇన్ని వ్యూస్ అంటే ఒక రకం ఉద్యోగం. రోజుకు ఇన్ని స్టోరీలు అంటే ఇంకో రకం. నెలకు ఇంత యాడ్ రెవెన్యూ అంటే అది రిపోర్టర్ ఉద్యోగం కాదు, సేల్స్ ఉద్యోగం. సేల్స్ చేయడం తప్పేమీ కాదు, జీతం ఆ లెక్కన ఉంటే. తప్పు పడితే సవరణ ఎవరు వేస్తారు, శీర్షిక చివరగా ఎవరు ఓకే చేస్తారు అని కూడా అడగండి. దీనికి తడుముకున్నారంటే, రేపు గొడవ వస్తే ఆ శీర్షిక పెట్టింది మీరే అవుతారు.

గొడవ అంటే మాటలతో పోయేది కాదు. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహిత 356 కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెడితే సెక్షన్ 72, బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23. పేరు రాయకపోయినా ఇల్లు, బడి, అమ్మానాన్నల ముఖాలు చూపిస్తే గుర్తింపు బయటపెట్టినట్టే. సంస్థ పేరుతో పాటు అప్‌లోడ్ చేసినవాడి పేరు కూడా కేసులోకి రావచ్చు. ఇక ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికలకు, వార్తా సంస్థలకే. యూట్యూబ్ చానల్ దాని కిందికి రాదు. డిపాజిట్ కట్టించుకుని లోగో, మైకు, ఐడీ కార్డు ఇచ్చే చానల్ ఎదురైతే ఒక్కటి గుర్తుంచుకోండి: ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బులిస్తాడు, తీసుకోడు. అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్ గురించి అడిగితే ముఖం మాడ్చుకునేవాడి దగ్గర ఐడీ కార్డు ఎంత మెరిసినా లాభం లేదు.

ఇంజినీరింగ్, డిగ్రీ వాళ్లకు ఇందులోనే ఇంకో ద్వారం ఉంది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు ఫ్యాక్ట్ చెకింగ్, డేటా మీద పని చేస్తాయి. అక్కడ అమ్ముడయ్యే సరుకు ఐదో ప్రశ్నే. దానికి కావలసిన పనిముట్లు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఎక్సెల్, కొంచెం పైథాన్, ఫొటో ఎక్కడిదో వెనక్కి వెతకడం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం. అగ్‌మార్క్‌నెట్ సైట్లో మార్కెట్ యార్డుల ధరలు ఉచితంగా దొరుకుతాయి. గుంటూరు యార్డులో మిర్చి ధర ఐదేళ్లలో ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది తీసుకుని, మీ ఊళ్లో పది మంది రైతులు అసలు ఎప్పుడు అమ్మారో అడిగి పక్కన పెట్టండి. ఆ తేడాయే స్టోరీ. రెజ్యూమెలో 'గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్' అన్న లైన్ తీసేసి ఆ లింకు పెట్టొచ్చు.

లెక్కల మీద ఆసక్తి లేనివాళ్లు కార్తీక అమావాస్య దాకా ఆగి కారంపూడి బస్సెక్కండి. ఐదు రోజులు, ఐదు చిన్న వీడియోలు, ఒక్కోటి మూడు నిమిషాలు. నాలుగో రోజు వీడియోకు వ్యూస్ ఎక్కువొస్తాయి, అది ముందే చెప్పొచ్చు. ఇంటర్వ్యూలో మాత్రం మూడో రోజుది చూపించండి. ఆ చాప మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఎందుకు కూర్చుంటున్నారో వాళ్ల నోటితోనే చెప్పించి.